మొదటి క్యాను

తిరుమలమ్మ పాలక్యానును వాకిట్లో బోర్లించేసింది. ఖాళీ క్యానే, అయినా ఆ చప్పుడుకు కొట్టంలో ఆవు మేత మానేసి తల ఎత్తింది.

"ఈ పొద్దు పాలు సెంటరుకి పోవు. దూడ తాగనీ. దూడ అయితే నన్ను దొంగ అనదు."

ఆ మాట అరుగు మీద కూర్చున్న బాలచంద్రకు. ఆయన పాల సంఘం అధ్యక్షుడు. తిరుమలమ్మను అక్కా అని పిలుస్తాడు, పండగపూట ఈ ఇంట్లో అన్నం తింటాడు, ఆ చనువుతోనే ఇవాళ ఆమె పరువు తీయడానికి వచ్చి కూర్చున్నాడు. ఇచ్చిన కాఫీ ముట్టలేదు. జవాబు తీసుకునే కదులుతానన్నట్టు కండువా మోకాలి మీద పరుచుకున్నాడు.

ఆ జవాబు కోసం ఊరంతా కాచుకుని ఉంది. కొన్ని వారాలుగా తిరుమలమ్మ పాలలో నీళ్లున్నాయని సెంటరులో మిషన్ చూపిస్తోంది. మిగతా ఇళ్ల పాలన్నీ బాగున్నాయి, ఆమెవి ఒక్కటే పలచన. పొదుగు కడిగాక గుడ్డతో తుడిచి, ఆ తడి కూడా గిన్నెలో పడనివ్వని మనిషి ఆమె. అలాంటి మనిషి పేరు సంఘం మీటింగులో నలుగురి నోళ్లలో నానింది. శుక్రవారం కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే సరి. లేకపోతే ఇక ఆ ఇంటి పాలు ఎవరూ పట్టకూడదని తీర్మానం.

"ఒక్క మాట సెప్పి వచ్చెయ్ అక్కా" అన్నాడు బాలచంద్ర. "ఆడ అబద్ధమాడి బాగుపడినోడు లేడు. నువ్వు నిజం సెప్తే ఊరే నోరు మూసుకుంటాది."

తిరుమలమ్మ చీపురు అందుకుని ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ఈ గొడవ లేచినప్పటి నుంచీ ఆమెది ఇదే వరస. తిడుతుంది, శాపనార్థాలు పెడుతుంది, కాణిపాకం మాట ఎత్తగానే నోటికి తాళం వేసుకుంటుంది. నిప్పు లేనిదే పొగ రాదనేవాళ్లకు ఆ మౌనం చాలదూ? తప్పు చేయనిదైతే ప్రమాణానికి ఎందుకు జడుస్తుందని టీ కొట్టు దగ్గర తేల్చేశారు.

ఆమె కొడుకు ధనంజయ వాకిలి పక్కన జీపు కడుగుతున్నాడు. అలిపిరి నుంచి కొండమీదికి భక్తులను తీసుకుపోతుంటాడు. తెల్లారేసరికి అక్కడ వరసలో ఉండాలి కాబట్టి, రోజూ అందరికన్నా ముందు సెంటరుకు పోయి, మొదటి క్యాను తనదే పోసి, అటునుంచి అటే బండి తీస్తాడు. ఇవాళ బండి తీయలేదు. కడిగిన జీపునే కడుగుతున్నాడు. తల్లి చీపురు, కొడుకు నీళ్లపైపు, ఇద్దరి మధ్యా మాట లేదు. గడపలో నిలబడ్డ కోడలు లోకేశ్వరి ఇద్దరినీ చూస్తోంది.

చివరికి ధనంజయే తెగించాడు.

"ప్రమాణం ఎందుకు సెయ్యవు మా? నువ్వు కలపలేదు. నువ్వు పితికేది నేను రోజూ సూస్తానే ఉండాను. ఆ మాటే పోయి సెప్పేదానికి ఏమి?"

తిరుమలమ్మ చీపురు ఆపలేదు.

"అలిపిరి స్టాండులో కూడా అడగతా ఉండారు. మీయమ్మ ఎందుకు జడస్తా ఉండాదని. నేనేం సెప్పాల వాళ్లకి?"

"నేను కలపలేదని సెప్పగలను రా" అంది ఆమె నేల చూస్తూ. "మా ఇంట్లో ఎవురూ కలపలేదని ఎట్ట సెప్పేది?"

 ఆ మాట అర్థమైనాక ధనంజయ చేతిలో పైపు కిందికి జారింది. నీళ్లు వాకిట్లోకి పారుతున్నాయి, ఎవరూ పోయి కట్టలేదు.

"ఎవురు మా? ఇంట్లో ఎవురు?"

"ఆ పొద్దు నీ జీపు రిపేరీకి పోయింటే క్యాను నేను మోసుకుని పోయినా కదా" అంది తిరుమలమ్మ. ఇప్పుడు ఆమె చీపురు కింద పడేసింది. "నడిచి పోయేతలికి ఆలస్యమై వరస మధ్యలో నిలబడినా. మిషన్ ఏం సెప్పింది? ఊళ్లో ఇంత సిక్కటి పాలు లేవనింది. మర్నాడు నువ్వు మోసినావు. మళ్లీ నీళ్లు. నా సేతిలో పాలుగా ఉండేది నీ సేతిలో నీళ్లెట్లా అయితా ఉండాయి నాయనా? నేను ఆడ మునిగి, మా పాలల్లో నీళ్లు లేవని అనేస్తే ఆ దెబ్బ ఎవురికి తగలతాదో నాకు తెలీదా? అందుకే నోరు మూసుకున్నా. నన్ను దొంగ అంటే అననీ అనుకున్నా."

కొడుక్కి ఏమీ కాకూడదని తల్లి ఇన్నాళ్లు దొంగ అనిపించుకుంది. కానీ ధనంజయ చెవికి అందులో ప్రేమ వినపడలేదు. అనుమానం ఒక్కటే వినపడింది. జీపు మెట్టు మీద కూలబడి, తడి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు వాటినే చూసుకున్నాడు.

లోకేశ్వరికి ఒళ్లు మండిపోయింది. నిన్న సాయంత్రం నుంచీ ఆమె దగ్గర ఒక మాట ఉంది. ఉద్యోగం పోతుందన్న భయంతో దాన్ని మింగుతూ వచ్చింది. ఇక మింగలేకపోయింది.

"అత్తా, పాలల్లో ఎవురూ నీళ్లు కలపలేదు" అంటూ గడప దిగింది. "లెక్కలో కలిసినాయి. ఆ లెక్క యాడ తప్పిందో నాకు తెలుసు."

లోకేశ్వరి తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఎక్కడ ఏ తప్పు వస్తోందో ఏఐ ఏజెంట్లు కనిపెట్టి చూసుకోవడానికి ఆ కంపెనీ ఒక పనిముట్టు తయారుచేసింది. దాన్ని ఎట్లా వాడాలో, ఏ తప్పుకు ఏం చేయాలో చెప్పే గైడు రాయడం ఆమె ఉద్యోగం. మనుషులు చదివే గైడు అయితే, అర్థం కానిచోట ఫోన్ చేసి అడుగుతారు. ఏజెంటు అడగదు. రాసింది రాసినట్టు చేసేస్తుంది, రాయనిది చేయదు.

వీళ్లు పాలు పోసే డెయిరీ ఆ పనిముట్టును కొనుక్కుంది. సెంటర్లలో మిషన్ల వెనక నడిచే ప్రోగ్రాముకు కాపలా ఇప్పుడు మనిషి కాదు, ఏజెంటు. లోకేశ్వరి నిన్న గైడులో కొత్త అధ్యాయానికి ఉదాహరణలు వెతుకుతూ, ఏజెంటు మూసేసిన తప్పులను ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంటే అందులో తమ ఊరి సెంటరు పేరు కనిపించింది. రోజూ ఒకటే తప్పు. రోజూ పొద్దున మొదటి పాలకే.

బాలచంద్రకు అర్థమయ్యేలా ఆమె నిదానంగా చెప్పింది. సాయంత్రం పని అయ్యాక మిషన్‌ను నీళ్లతో కడుగుతారు కదా. ఆ నీళ్ల లెక్క అందులో మిగిలి ఉంటుంది. రాత్రంతా చల్లారిన మిషన్ పొద్దున మొదటి క్యానుకు సరిగ్గా పలకదు. పలకనప్పుడు ప్రోగ్రాము ఊరుకోకుండా, కడిగిన నీళ్ల లెక్కను తీసి కొత్త పాల లెక్కలో కలిపేస్తుంది. రెండో క్యానుకల్లా మిషన్ వేడెక్కి నిజం చెబుతుంది. ఇదివరకు ఈ తప్పు వస్తే డెయిరీలో మనిషి చూసి, మళ్లీ పరీక్ష చేయమని సెంటరుకు ఫోన్ చేసేవాడు. ఇప్పుడు ఏజెంటు చూసి, పట్టించుకోనక్కర్లేదని మూసేస్తోంది.

"రోజూ మొదటి క్యాను ఎవురిది చిన్నాయనా?" అని అడిగింది. "ఈయనది. అందరికన్నా ముందు లేచి పోయినందుకు ఈయన దొంగ అయినాడు. అత్త మోసిన పొద్దు ఆలస్యంగా పోయింది కాబట్టి దొర అయింది. ఆ పొద్దు ముందర పోసినోళ్లకి నీళ్లని వచ్చింటే, ఒక్క పొద్దే కదా అని ఎవురూ పట్టించుకోలేదు."

తన లాప్‌టాప్ తెచ్చి చూపించింది. బాలచంద్ర ఒకసారి వంగి చూసి, ఇంగ్లీషు అక్షరాలు తనకెందుకన్నట్టు మొహం తిప్పుకున్నాడు.

"మిషన్‌కి మన మాదిరి బంధువులు లేరు పాపా. ఒకరి పక్క మాట్లాడదు. కట్టుకున్నోడి మీద నింద పడితే ఏ ఆడబిడ్డ అయినా మిషన్‌నే అంటాది."

"అయితే రేపు మీ క్యాను ముందర పెట్టండి."

"నాదా?" బాలచంద్ర కండువా తీసి భుజాన వేసుకున్నాడు. "నేను అధ్యక్షుణ్ణి. నా పాలల్లో నీళ్లని సూపించిందనుకో, సంఘం గతేమి?"

"మిషన్ తప్పు సెప్పదని ఇప్పుడే కదా అంటిరి."

బాలచంద్ర కాఫీ గ్లాసును ఇంకాస్త దూరం నెట్టాడు. ఎదుటివాళ్ల పరువును కోనేట్లో ముంచడానికి అందరూ సిద్ధమే, తన క్యాను ముందుకు జరపమంటే మాత్రం ఎవరి చెయ్యీ రాదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఇదివరకు అత్త వాపోయినప్పుడు లోకేశ్వరికి అది పాత సామెతగానే తోచింది. ఆ చెట్టు ఎవరు నాటారో కూడా నిన్నటి నుంచి ఆమెకు తెలుసు.

అంతలో ఆమె ఫోను మోగింది. కంపెనీ మేనేజరు సునీల్‌కుమార్. నిన్ననే ఆమె ఈ సంగతి ఆయనకు చెప్పింది. చూస్తానన్నాడు. పొద్దున లేచి చూస్తే, గైడు పాత ప్రతులు తెరిచే వీలు ఆమెకు తీసేసి ఉంది. అది ఆయన చూసిన చూపు.

"స్పీకరులో పెట్టినాను సార్" అంది ఫోను అరుగు మీద పెడుతూ. "మా ఇంట్లోవాళ్లు వింటున్నారు. ఇది మా ఇంటి విషయం కూడా."

సునీల్‌కుమార్ మెత్తగానే మాట్లాడాడు. ఇటువంటివి ఆఫీసులో తేల్చుకోవాలి గానీ ఇంట్లో కాదన్నాడు. గైడు కింద ఉన్నది లోకేశ్వరి పేరేనని, డెయిరీవాళ్లు అడిగితే రాసినవాళ్లే జవాబుదారీ అవుతారని, ఆమె మంచి కోసమే చెబుతున్నానని అన్నాడు. పాత లెక్క కలుస్తుంటే తప్పును మూయకూడదనే వాక్యం ఆ గైడులో ఎప్పుడూ లేదన్నాడు.

 ఆ వాక్యం రాసింది లోకేశ్వరే. ఆ తప్పు మళ్లీ మళ్లీ వస్తే మూసేయవచ్చని ఒక వాక్యం, పాత లెక్కతో పని నడుస్తుంటే మాత్రం మూయకుండా మనిషికి చెప్పాలని దాని వెంటే ఇంకొకటి. గైడు పొడుగైందని, ఏజెంటు చదివే ప్రతి మాటకూ కంపెనీకి ఖర్చేనని, సగానికి కుదించాలని ఆయనే పట్టుబట్టాడు. ఆ రెండో వాక్యం తీయవద్దని ఆమె బతిమాలింది. అలాంటి కేసు ఎక్కడ వస్తుందండీ అని నవ్వి తనే తీసేశాడు. ఎక్కడ వస్తుందా? వచ్చింది, చంద్రగిరి అవతల ఉన్న ఈ ఊళ్లోకి, ఈ వాకిట్లోకే. ఒక తల్లి తన బిడ్డను దొంగ అనుకునేదాకా వచ్చింది.

"నేను రాసినాను, మీరు తీసినారు" అంది.

ఆధారం ఏముందని సునీల్‌కుమార్ అడిగాడు. గొంతులో తొణుకు లేదు. పాత ప్రతులు ఎవరి చేతిలో ఉన్నాయో ఇద్దరికీ తెలుసు.

లోకేశ్వరి ఒక క్షణం అత్తవైపు చూసింది. తిరుమలమ్మ తడి వాకిట్లో కాళ్లు పెట్టుకుని నిలబడి ఉంది.

"సార్, మీది చిత్తూరే కదా?"

"అవును. ఎందుకండీ?"

"శుక్రవారం మా అత్తను కాణిపాకం రమ్మంటున్నారు, ప్రమాణానికి. మీరూ రండి. ఆ వాక్యం నేను రాయలేదని, మీరు తీయలేదని ఆడ ఒక్క మాట చెప్పండి చాలు. ఉద్యోగం వదిలేసి, తప్పు నాదేనని మీరు ఏ కాగితం మీద అంటే ఆ కాగితం మీద సంతకం పెడతాను."

ఫోనులో ఏమీ వినపడలేదు. లైను తెగిందేమోనని ధనంజయ లేచి వచ్చి చూశాడు. తెగలేదు. ఆ చివర ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది.

చివరికి సునీల్‌కుమార్ నోరు విప్పాడు. ఇంతసేపూ మాట్లాడిన ఆఫీసు తెలుగు ఎటు పోయిందో.

"ఆ సామిని ఈ గొడవలోకి ఎందుకు లాగతారు మా? కాగితం మీద ఏమి కావాలన్నా రాసిస్తా. కాణిపాకం మాత్రం నేను రాను."

లైను ఇప్పుడు తెగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. కాగితాలను మార్చగలిగినవాడు, పాత ప్రతులకు తాళం వేయగలిగినవాడు, కాణిపాకం కోనేరు పేరు వినగానే నీరు కారిపోయాడు. పక్కింటామెను నిలదీయడానికి పనికొచ్చే దేవుడు మేనేజరును నిలదీయడానికీ పనికొస్తాడని బాలచంద్ర ఇంతవరకూ అనుకోలేదు. ఏజెంటు ఏమిటో, గైడు ఏమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు. కాణిపాకం రాలేనన్న మనిషి గొంతు మాత్రం బాగా తెలుసు.

ఆయన చేయి చాచి చల్లారిపోయిన కాఫీ తీసుకుని తాగాడు.

"ఆయప్ప జడిసినాడు, నిజమే" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "అయినా ఫోన్లో ఎవురో జడిసినాడని నేను ఊరికి సెప్పలేను కదా. ఒక పని సేద్దాం. రేపు పొద్దున అక్క సేత్తోనే పితికి, అక్క సేత్తోనే మూత వేసి, అక్కే మోసుకొచ్చి అందరికన్నా ముందర నిలబడాల. ధనంజయ ఆ పక్కకే రాకూడదు. ఊరందరినీ పిలుస్తా. నీళ్లని వస్తే తప్పు మిషన్‌ది, అక్క పేరు మీద పడిన మాటను నేనే తుడుస్తా."

"మంచి పాలని వస్తే?" ధనంజయ అడిగాడు.

బాలచంద్ర చెప్పులేసుకుంటూ అతని మొహం చూడకుండా అన్నాడు. "అక్క సేతిలో పాలు, నీ సేతిలో నీళ్లు అని తేలిపోతాది కదప్పా. అప్పుడు శుక్రవారం మునిగేది నువ్వే."

ఆ షరతుకు ఎవరూ భయపడలేదు. భయపడటానికి ఏముంది? మొదటి క్యానుకు మిషన్ ఏం చెబుతుందో ఆ ఇంట్లో అందరికీ ఇప్పుడు తెలుసు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, తిరుమలమ్మ బోర్లించిన క్యానును తనే తీసుకుంది. బూడిద, కొబ్బరిపీచు ముందు పెట్టుకుని కూర్చుని తోమడం మొదలుపెట్టింది. చీపురు పట్టుకున్న ఇందాకటి చేతులు కావు అవి.

ధనంజయ పోయి పంపు కట్టేసి వచ్చాడు. తల్లి పక్కన నిలబడ్డాడు గానీ వంగలేదు.

"మూత కూడా నువ్వే తోము మా. నేను ముట్టుకుంటే మళ్లీ ఏమైనా అనుకుంటావు."

తిరుమలమ్మ తలెత్తలేదు. పీచుతో రుద్దిన చోటే రుద్దుతూ అంది.

"అనుకున్నా నాయనా. కన్నబిడ్డ మీద అట్ట అనుకున్నా. ఇంట్లో సెప్పుకుంటే తీరేది కాదు ఇది. రేపు మిషన్ నీళ్లని సెప్తానే, అంతమంది ముందర నేనే సెప్తా, నా కొడుకు మీద అనుమానపడింది నేనేనని. ఆడనే నన్ను ఏమన్నా అను."

 ధనంజయ కింద కూర్చుని, మూత తీసుకుని తనే తోమసాగాడు. కొన్ని వారాలుగా లేనిది, ఆ తల్లీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. లోకేశ్వరికి కళ్లు చెమర్చాయి. ఉద్యోగం పోతే పోనీ, ఈ దృశ్యానికి ఆ మాత్రం ఇవ్వవచ్చు అనుకుంటూ లోపలికి పోయింది.

లోపల ఫోనుకు సందేశం వచ్చి ఉంది. సునీల్‌కుమార్ పంపినది.

"లోకేశ్వరిగారూ, మీరు సూచించిన వాక్యాన్ని గైడులో చేర్చాం. ఏజెంటు ఇప్పుడే అన్ని సెంటర్లలో పాత లెక్క కలవకుండా సర్దేసింది, మీ ఊరితో సహా. రేపటి నుంచి మొదటి పాలకు కూడా సరైన రీడింగే వస్తుంది. ఇక ఎవరూ ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు."

సూచించిన వాక్యమట. రాసిన వాక్యం కాదు. ముందు ఆ మాటకే ఆమెకు చుర్రుమంది. తర్వాత మిగతాది అర్థమైంది. లాప్‌టాప్ తెరిచింది. నిన్న చూసిన తప్పులు ఒక్కటీ లేవు. చూపడానికి ఏమీ లేదని మాత్రం ఉంది.

ఆ వాక్యం కోసం ఆమె బతిమాలింది, పోట్లాడింది, దేవుణ్ణి అడ్డం పెట్టింది. అది తిరిగి వచ్చింది. రేపు మొదటి క్యానులో పాలు పాలుగానే తేలతాయి, ఊరందరి ముందూ, తల్లి చేతిలో. ఈ సందేశం చూపినా కట్టుకున్నోడి కోసం తెప్పించుకున్నదేనంటాడు బాలచంద్ర; ఆయన షరతు ప్రకారం శుక్రవారం మునగాల్సింది ధనంజయ.

వాకిట్లో నుంచి ధనంజయ నవ్వు వినపడింది. ఆ వెంటే తిరుమలమ్మ కేక.

"మే లోకేశ్వరీ, రేపు నువ్వు కూడా రా సెంటరుకి. మన పాలల్లో నీళ్లుండాయని మిషన్ అనేది నీ సెవులారా విందువుగానీ."